పద్దెనిమిది అనుకుంటే పంతొమ్మిది: శ్రీకాకుళం ఆడిటర్ ఆఫీసులో పాత డిస్కుల డేటా వైప్

శ్రీకాకుళం ఏడు రోడ్ల జంక్షన్‌కి దగ్గర్లో పాతికేళ్లుగా నడుస్తున్న ఒక ఆడిటర్ ఆఫీసు. నరసన్నపేట బట్టల షాపులు, పలాస జీడిపప్పు వ్యాపారులు, కాంట్రాక్టర్లు, ఏటా రిటర్ను వేయించుకునే టీచర్లు వాళ్ల క్లయింట్లు. ఆఫీసు కొత్త బిల్డింగ్‌కి మారుతోంది, సిస్టమ్‌లన్నీ కొత్తవి కొంటున్నారు. అమ్మే షాపువాళ్లు పాతవి ఎక్స్ఛేంజ్‌లో తీసుకుంటామన్నారు. రేటు కూడా ఖాయమయ్యాక ఆడిటర్ గారికి అనుమానం వచ్చి నన్ను పిలిపించారు. "మా కుర్రాళ్లు అన్నీ ఫార్మాట్ కొట్టేశారు. ఇంక ఇచ్చేయొచ్చు కదా నాయనా?"

నేను హార్డ్‌వేర్ సర్వీసుతో పాటు డేటా రికవరీ చేస్తాను. పోయిన డేటా తెచ్చిపెట్టేవాడిని పిలిచి ఉన్న డేటా పోగొట్టమనడం వింతగా ఉంటుంది గానీ, ఏది ఎక్కడ మిగిలిపోతుందో రోజూ చూసేది మేమే.

ఆయన ప్రశ్నకి మాటల్లో జవాబు చెప్పకుండా, ఫార్మాట్ అయిన సిస్టమ్‌లలోంచి ఆయన్నే ఒకటి ఎంచమన్నాను. అకౌంటెంట్ అమ్మాయి వాడిన 320 జీబీ డిస్క్ వచ్చింది. బయటికి తీసి నా మెషిన్‌కి తగిలించి, ఎవరైనా ఊరికే డౌన్‌లోడ్ చేసుకోగల ఫోటోరెక్ అనే రికవరీ సాఫ్ట్‌వేర్ నడిపాను. టీ తాగి వచ్చేసరికి ఫోల్డర్ నిండిపోయింది. ఫైళ్ల పేర్లు రాలేదు, అన్నీ నంబర్లే. కానీ తెరిస్తే లోపల సరుకు చెక్కుచెదరలేదు: ఫారం 16లు, పాన్ కార్డుల స్కాన్లు, ఆధార్ రెండు వైపులా, ఒక క్లయింట్ బ్యాంకు స్టేట్‌మెంట్. ఒక ఎక్సెల్ షీట్‌లో జీఎస్టీ పోర్టల్ యూజర్ ఐడీలు, పక్క గడిలోనే పాస్‌వర్డ్‌లు. వాటి మధ్యలో ఓణీల ఫంక్షన్ ఫోటో ఒకటి. "ఇది మా అమ్మాయిది. ఈ సిస్టమ్‌లోకి ఎలా వచ్చింది?" అని ఆయన కుర్చీ దగ్గరికి లాక్కున్నారు. పాస్‌వర్డ్‌ల షీట్ చూసినప్పుడు కూడా ఆయన అంత కంగారు పడలేదు.

ఎందుకు మిగిలిందో చెప్పాలి. విండోస్ డిస్క్ మీద ఏ ఫైలు ఎక్కడుందో రాసి ఉంచే పట్టీ ఒకటుంటుంది, దాన్ని ఎంఎఫ్‌టీ అంటాం. డిలీట్ కొడితే ఆ పట్టీలో ఈ చోటు ఖాళీ అని గుర్తు పడుతుందంతే. క్విక్ ఫార్మాట్ కొడితే కొత్త పట్టీ మొదలవుతుంది. పాత డేటా మీద వేరే డేటా పడేదాకా అది అక్కడే ఉంటుంది. ఆడిటర్ గారు ఇది విని తన గుమస్తాతో, "అడంగల్‌లో పేరు కొట్టేస్తే పొలం మాయమైపోద్దా?" అన్నారు. అంతకంటే బాగా నేను చెప్పలేను.

ఫుల్ ఫార్మాట్ సంగతి వేరు. విస్టా నుంచి ఇటువైపు విండోస్‌లు ఫుల్ ఫార్మాట్‌లో ఆ పార్టిషన్ అంతా సున్నాలు రాస్తాయి. ఎక్స్‌పీ మాత్రం బ్యాడ్ సెక్టార్లు, అంటే డిస్క్ మీద డేటా రాసే చిన్న గడుల్లో పాడైనవి, వెతికి ఊరుకునేది. ఆఫీసు కుర్రాళ్లు క్విక్ అన్న టిక్ తీయలేదు, ఎవరూ తీయరు. పైగా సీ డ్రైవ్ ఒక్కటే ఫార్మాట్ చేసి డీ, ఈ అలాగే వదిలేసిన సిస్టమ్‌లు రెండు కనిపించాయి. ట్యాలీ డేటా ఉండేది సరిగ్గా ఆ డీ డ్రైవ్‌లోనే.

ఇది మన ఊరి నిర్లక్ష్యమేమీ కాదు. అమెరికాలో సిమ్సన్ గార్ఫింకెల్, అభి షెలాట్ అనే ఇద్దరు పరిశోధకులు సెకండ్‌హ్యాండ్‌లో 158 డిస్కులు కొని, 2003లో ఆ ఫలితాలు ప్రచురించారు. పనిచేసిన 129 డిస్కుల్లో సరిగ్గా తుడిచి ఉన్నవి పన్నెండే.

ముందు లెక్క

ఇలాంటి పనిలో అందరూ సాఫ్ట్‌వేర్ గురించే అడుగుతారు. నా దృష్టిలో అది చిన్న విషయం. ఎన్ని డిస్కులున్నాయి, ఏది ఏమైంది అనే రిజిస్టర్ లేకపోతే ఎంత మంచి సాఫ్ట్‌వేరూ కాపాడదు. అమెరికాలో మోర్గాన్ స్టాన్లీ లాంటి పెద్ద బ్యాంకు ఇక్కడే దెబ్బతింది. పాత సర్వర్లు, డిస్కులు తీసేసే పనిని డేటా తుడిచే అనుభవం లేని ఒక సామాన్లు తరలించే కంపెనీకి అప్పజెప్పింది. కొన్ని డిస్కులు డేటాతో సహా ఆన్‌లైన్ వేలంలో తేలాయి. 2022 సెప్టెంబరులో అక్కడి షేర్ మార్కెట్ నియంత్రణ సంస్థ సెక్ వేసిన జరిమానా మూడున్నర కోట్ల డాలర్లు.

ఆఫీసు స్టాక్ లిస్టు ప్రకారం పద్దెనిమిది డిస్కులు. పాతకాలం వెడల్పు కేబుల్‌తో తగిలించే ఐడీఈవి నాలుగు, ఇప్పటి సన్న కేబుల్ సాటావి తొమ్మిది, ల్యాప్‌టాప్‌వి రెండు, తిరిగే ప్లేట్లు లేకుండా చిప్‌లలో డేటా ఉంచే ఎస్‌ఎస్‌డీలు రెండు, బ్యాకప్‌కి వాడిన ఎక్స్‌టర్నల్ ఒకటి. ప్రతిదాని మీదా మార్కర్‌తో నంబరు వేసి, లేబుల్ ఫోటో తీసి, సీరియల్ నంబరు, కెపాసిటీ, ఏ టేబుల్ నుంచి వచ్చిందో రిజిస్టర్‌లో రాశాం. సీరియల్ నంబరు లేబుల్ మీద చూసి ఊరుకోకూడదు, డిస్క్ తనంతట తాను చెప్పేదాన్ని కూడా స్క్రీన్ మీద చదివి సరిచూడాలి. రిపేర్లలో పీసీబీలు, అంటే కింద ఉండే సర్క్యూట్ బోర్డులు, మార్చిన డిస్కుల్లో ఈ రెండూ కలవకపోవచ్చు.

రాస్తూ ఉండగా మూలనున్న పెద్ద జెరాక్స్ మిషన్ మీద నా చూపు పడింది. అది కూడా తీసేసే సామాన్లలోదే. "దాంట్లో ఏటుంటాది సార్, టోనరే కదా" అన్నాడు ఆఫీసు కుర్రాడు. వెనక ప్లేటు విప్పితే 80 జీబీ ల్యాప్‌టాప్ సైజు డిస్క్. స్కాన్, ప్రింట్, కాపీ అన్నీ చేసే ఆఫీసు మిషన్లలో చాలావాటికి లోపల డిస్క్ ఉంటుంది. పేజీల బొమ్మలు దాని మీదకి వెళ్తాయి, పని అయ్యాక చెరిగిపోయినట్టు కనిపిస్తాయి. అమెరికాలో అఫినిటీ హెల్త్ ప్లాన్ అనే బీమా సంస్థ లీజు అయిపోయిన కాపియర్లను డిస్కులతో సహా తిరిగి ఇచ్చేసి, 2013లో పన్నెండు లక్షల డాలర్లకు పైగా కట్టింది. మా డిస్క్‌లో పార్టిషన్లు విండోస్‌కి అంతుపట్టలేదు గానీ, ఫోటోరెక్‌కి స్కాన్ చేసిన పేజీలు దొరికాయి. ఎవరిదో ఇంటి దస్తావేజు మొదటి పేజీ, వేలిముద్రలతో సహా. కొన్ని మోడళ్లలో మిషన్ నడిచే సాఫ్ట్‌వేర్ కూడా ఆ డిస్క్ మీదే ఉంటుంది, పీకేస్తే మిషన్ లేవదు. నడిచే మిషన్ అమ్ముతుంటే దాని మెనూలోనే డిస్క్ చెరిపే ఆప్షన్ వాడాలి. ఇది ఎలాగూ తుక్కులోకే కాబట్టి పీకేశాం. లిస్టు పంతొమ్మిదయింది.

తుడిచే ముందు ఇంకో పని ఉంది. ఏది ఉంచాలో ఆడిటర్ గారే చెప్పాలి. జీఎస్టీ చట్టం ప్రకారం వార్షిక రిటర్ను గడువు తేదీ నుంచి 72 నెలలు లెక్కలు ఉంచాలి, అప్పీలు నడుస్తుంటే అది తేలాక కూడా ఇంకో ఏడాది. క్లయింట్ల ఫైళ్లు కొత్త సర్వర్‌లోకి వెళ్లాయా లేదా అని ఒక్కో ఫోల్డర్ చూసుకున్నారు. ట్యాలీ ఫోల్డర్లకి పేర్ల బదులు అయిదంకెల నంబర్లుంటాయి, ఏది ఎవరిదో ట్యాలీలో తెరిస్తే గానీ తెలియదు. చాలా టైమ్ తిన్నది ఇదే. ఒక కాంట్రాక్టర్ కేసు అప్పీలులో ఉందని తేలి, ఆ డేటా ఉన్న డిస్క్‌ని పక్కన పెట్టేశాం.

ఎన్నిసార్లు రాయాలి?

తుడవడమంటే పాత డేటా మీద సున్నాల్లాంటివి రాయడమే. ఆడిటర్ గారి అబ్బాయి యూట్యూబ్‌లో చూసి వచ్చాడు. "అంకుల్, మిలిటరీ వైప్ చేయండి, ఏడుసార్లు. ముప్పై అయిదుసార్లది కూడా ఉందట." ఉంది. పీటర్ గుట్‌మన్ అనే పరిశోధకుడు 1996లో రాసిన పేపర్‌లోది. అప్పటి డిస్కులు డేటాని రకరకాల పద్ధతుల్లో కోడ్ చేసి రాసేవి, వాటన్నిటికీ సరిపోయేలా కూర్చిన వరుస అది. ఈ కాలం డిస్కులకి అవన్నీ అక్కర్లేదని తర్వాత ఆయనే రాశాడు. అమెరికా రక్షణ శాఖ పేరుతో చెప్పే మూడుసార్ల పద్ధతి కూడా పాత మాటే. అమెరికా ప్రమాణాల సంస్థ నిస్ట్ ఇచ్చిన 800-88 అనే మార్గదర్శకం ఇప్పుడు ఎక్కువమంది పాటించేది. మామూలుగా పనిచేసే డిస్క్‌కి ఒక్కసారి మొత్తం తిరగరాసి, సరిచూసుకుంటే చాలని అది చెబుతుంది.

నేను అదే చేస్తాను, దానికి ఖర్చు కారణం కూడా ఉంది. 500 జీబీ డిస్క్ మొదట్లో సెకనుకు 120 ఎంబీ రాస్తుంది, లోపలి ట్రాకులకి వెళ్లేసరికి అది సగమవుతుంది. ఒక పాస్‌కి, అంటే మొత్తం ఒకసారి రాయడానికి, గంటన్నర, తిరిగి చదివి సరిచూడటానికి ఇంకో గంటన్నర. ముప్పై అయిదుసార్లంటే ఒక్క డిస్క్‌కే రెండు రోజులు దాటుతుంది. ఆ టైమ్‌లో అసలు తుడవాల్సిన ఇంకో డిస్క్ ఎక్కడో సొరుగులో మర్చిపోతారు. ఏడుసార్లు రాసి ఒక్కసారీ చదివి చూడని వైప్ కంటే, ఒకసారి రాసి మొత్తం చదివి చూసిన వైప్‌నే నేను నమ్ముతాను.

పనికి వాడింది ష్రెడ్‌ఓఎస్. పెన్‌డ్రైవ్ నుంచి బూట్ అయి ర్యామ్‌లో నడుస్తుంది, లోపల ఉండేది ఎన్‌వైప్ అనే డిస్క్ తుడిచే ప్రోగ్రామ్. పాతవాళ్లంతా ఇదే పని చేసే డీబ్యాన్ పేరు చెబుతారు గానీ దానికి 2015 తర్వాత కొత్త వెర్షన్ రాలేదు, ఈమధ్య మదర్‌బోర్డుల మీద సరిగ్గా లేవదు. ఎన్‌వైప్ పీడీఎఫ్ రిపోర్టు కూడా ఇస్తుంది. ఒక్క జాగ్రత్త: మెషిన్‌కి తగిలించి ఉన్న డిస్కులన్నీ వరసగా చూపిస్తుంది, అందులో మీ సొంత డిస్క్ కూడా ఉంటుంది. అందుకే వైప్‌కి వాడే మెషిన్‌లో సొంత డిస్క్ అనేదే ఉంచను. యూపీఎస్ లేకుండా మొదలుపెట్టను. కరెంటు పోతే ఆ పాస్ మళ్లీ మొదటి నుంచే.

ఐడీఈ డిస్కులకి పాత బోర్డు ఒకటి దాచుకున్నాను. యూఎస్‌బీ అడాప్టర్‌తోనూ చేయొచ్చు గానీ, చాలా అడాప్టర్లు డిస్క్‌కి ఇచ్చే సెక్యూరిటీ కమాండ్లని లోపలికి పోనివ్వవు.

ఒక 500 జీబీ డిస్క్ దగ్గర ఆగాల్సి వచ్చింది. ఈ సైజు డిస్క్‌కి సెక్టార్లు 97,67,73,168 ఉండాలి. ఇది 97,67,71,055 అని చెప్పింది, అంటే 2,113 సెక్టార్లు తక్కువ. హెచ్‌పీఏ అని డిస్క్ చివర దాచే భాగం ఒకటుంటుంది, విండోస్‌కి అది కనపడదు, మామూలుగా రాసే సాఫ్ట్‌వేర్‌కీ అందదు. కొన్ని మదర్‌బోర్డులు బయోస్ (కంప్యూటర్ ఆన్ చేయగానే మొదట నడిచే ప్రోగ్రామ్) కాపీ ఒకటి అక్కడ దాచుకుంటాయి, ఇదీ అదే. లెక్కేస్తే ఒక్క ఎంబీ, అందులో క్లయింట్ల డేటా ఉండే అవకాశం లేదు. అయినా హెచ్‌డీపార్మ్ అనే లినక్స్ టూల్‌తో ఆ హద్దు తీసేసి, పూర్తి సైజు చూపించాకే వైప్ మొదలుపెట్టాను. ల్యాప్‌టాప్ కంపెనీలు రికవరీ కోసం ఇదే పద్ధతిలో ఎన్నో జీబీలు దాచిన రోజులున్నాయి.

మొండికేసినవి

మూడో నంబరు డిస్క్, ఇంకో 320 జీబీది, 63 శాతం దగ్గర నిలబడిపోయింది. డిస్క్ తన ఆరోగ్యం గురించి తానే చెప్పే స్మార్ట్ రిపోర్టులో పెండింగ్ సెక్టార్లు, అంటే పాడైనట్టు అనుమానమున్నవి, వందల్లో ఉన్నాయి. పాడైన సెక్టార్‌ని డిస్క్ పక్కకి తప్పించి దాని బదులు స్పేర్ సెక్టార్ వాడుకుంటుంది. తప్పించిన దాంట్లో పాత డేటా ముక్క అలాగే ఉంటుంది, తిరగరాయడానికి మనకి అందదు. ఇలాంటివాటికి డిస్క్ లోపలి సెక్యూర్ ఎరేజ్ కమాండ్ మంచిది. 2001 ప్రాంతం నుంచి వచ్చిన ఐడీఈ, సాటా డిస్కుల్లో చాలావాటికి అది ఉంది. ఇచ్చి చూస్తే ఫ్రోజెన్ అన్నది. భయపడక్కర్లేదు, బూట్ అయ్యేటప్పుడు బయోస్ వేసే తాళం అది. కంప్యూటర్‌ని ఒకసారి స్లీప్‌లోకి పంపి లేపితే చాలాసార్లు విడుతుంది. ఇక్కడా విడింది, కానీ ఎరేజ్ సగంలో ఎర్రర్ ఇచ్చింది. రిజిస్టర్‌లో ఎదురుగా "ధ్వంసం" అని రాశాం.

ఇంకొకటి అసలు తిరగనే తిరగదు. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను తర్వాత కరెంటు వచ్చిన రోజున కాలిపోయిందని గుమస్తా గారు చెప్పారు. పీసీబీ మీద నల్లటి మచ్చ. "అది చచ్చిపోయింది బాబూ, దాంతో ఏటి పని" అని పారేయబోయారు. నా దగ్గరికి రికవరీకి వచ్చేవాటిలో ఇలాంటివి మామూలే. అదే మోడల్ పీసీబీ తెచ్చి, పాతదాని మీదున్న, ఆ డిస్క్ సొంత లెక్కలుండే రోమ్ చిప్ దాని మీదకి మార్చి అతికిస్తే మళ్లీ లేచే అవకాశం ఉంది, ఎందుకంటే డేటా ఉండే ప్లేట్లకి ఏమీ కాలేదు. పనిచేయని డిస్క్ మీద తిరగరాయలేం కాబట్టి అదే ఎక్కువ ప్రమాదం. టిక్కుటిక్కుమంటున్న ల్యాప్‌టాప్ డిస్క్ ఒకటి కూడా ఈ వరసలోకే వచ్చింది.

ఎస్‌ఎస్‌డీల దగ్గర పద్ధతే మారుతుంది. మీరు ఒక చోట సున్నాలు రాయమంటే కంట్రోలర్ ఇంకో ఖాళీ చోట రాస్తుంది, చిప్‌లు సమానంగా అరగాలని. పైకి చూపించే సైజు కంటే లోపల కొంత అదనంగా ఉంటుంది, అక్కడ పాత కాపీలు మిగిలిపోవచ్చు. 2011లో కాలిఫోర్నియా యూనివర్సిటీ శాన్ డియేగో వాళ్లు చిప్‌లు పీకి చూస్తే, సెక్యూర్ ఎరేజ్ పూర్తయిందని చెప్పిన ఎస్‌ఎస్‌డీ ఒకదానిలో డేటా అలాగే ఉంది. అందుకే కమాండ్ ఇచ్చి ఊరుకోను, మొత్తం చదివి చూస్తాను. పేరున్న కంపెనీ 240 జీబీది నిమిషంలోపే అయిపోయింది, చదివితే అంతా సున్నాలే. రెండోది, పేరులేని 120 జీబీది, కమాండ్‌నే ఒప్పుకోలేదు.

దాన్ని విప్పి చూపించడం మంచిదైంది. పైన డబ్బా అరచేయంత ఉంటుంది, లోపల బోర్డు మాత్రం ఒక మూలన, రెండు వేళ్ల వెడల్పు. మిగతాదంతా గాలి. డబ్బా మధ్యలో డ్రిల్ కొట్టి పారేస్తే చిప్‌లకి గీత కూడా పడదు. మెమరీ చిప్‌లు రెండూ పట్టకారుతో విడివిడిగా నలిపాం.

హార్డ్ డిస్కులు మూడూ వెల్డింగ్ షాపు డ్రిల్లింగ్ మిషన్ దగ్గరికి పట్టుకెళ్లాం. మూతకున్న నక్షత్రం మరలు టార్క్స్ బిట్‌తో విప్పాలి, ఒక మర తప్పకుండా లేబుల్ కింద దాక్కుని ఉంటుంది. డెస్క్‌టాప్ డిస్కుల్లో ప్లేట్లు ఎక్కువగా అల్యూమినియం, వాటికి చిల్లులు పడతాయి, వంగుతాయి. ల్యాప్‌టాప్‌వి చాలావరకు గాజు. విప్పకుండా మూత మీద నుంచే సుత్తితో కొడితే లోపల గలగలమని పిండైపోయిన చప్పుడు వినపడుతుంది. మూత తీసి కొడితే ఆ ముక్కలు కళ్లలోకి ఎగురుతాయి, కళ్లజోడు లేకుండా ఎవరినీ దగ్గరికి రానివ్వలేదు. కుర్రాళ్లు లోపలి అయస్కాంతాల కోసం పోటీపడ్డారు. వేలు మధ్యలో పడితే కమిలిపోతుందని చెప్పినా ఒకడు చూసుకోలేదు.

అయస్కాంతమంటే గుర్తొచ్చింది. స్పీకర్ మాగ్నెట్ రుద్దితే డిస్క్ పోతుందని ఇంకా నమ్మేవాళ్లున్నారు. పోదు. ఆ పని చేసే డీగాసర్ మిషన్లు వేరే ఉన్నాయి, వాటిలో పెట్టిన హార్డ్ డిస్క్ ఇంక దేనికీ పనికిరాదు, హెడ్‌కి దారి చూపే సర్వో గుర్తులు కూడా చెరిగిపోతాయి. ఎస్‌ఎస్‌డీ మీద వాటి పప్పులు ఉడకవు.

చివరి లెక్క

తుడిచినవి పద్నాలుగు, ధ్వంసం చేసినవి నాలుగు, పక్కన పెట్టింది ఒకటి. నా రిపోర్టు ఇవ్వకముందే, తుడిచినవాటిలోంచి ఏవైనా రెండు ఎంచమని అకౌంటెంట్ అమ్మాయికి చెప్పాను. తను తెలివిగా తన 320 జీబీదే ముందు తీసింది. అదే ఫోటోరెక్, అదే మెషిన్, ఈసారి ఫోల్డర్ ఖాళీ. డిస్క్ మీద రాసి ఉన్నది ఉన్నట్టు అంకెల్లో చూపించే హెక్స్ వ్యూయర్‌లో మధ్యలో, చివర తను అడిగినచోటల్లా చూపించాను. సర్టిఫికెట్‌లో ఒక్కో డిస్క్‌కి ఒక్కో వరస: సీరియల్ నంబరు, సైజు, పద్ధతి, సాఫ్ట్‌వేర్ వెర్షన్, సరిచూసిన ఫలితం, తేదీ, ఇద్దరి సంతకాలు. 2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత డేటా చట్టంలో, డేటాకి తగిన భద్రత కల్పించకపోతే జరిమానా 250 కోట్ల దాకా వేయొచ్చని ఉంది. చిన్న ఆఫీసుకి అంత వేస్తారని నేను అనుకోను గానీ, రేపు ఎవరైనా అడిగితే చూపించడానికి కాగితమంటూ ఉండాలి.

ఎక్స్ఛేంజ్ షాపువాళ్ల మనిషి వచ్చి డిస్కులు లేని సీపీయూలు చూసి మొహం మాడ్చాడు. "డిస్కులు పీకేస్తే రేటు తగ్గుతాది బాబూ, ముందే చెప్తన్నాను." ఆడిటర్ గారు తగ్గించుకోమన్నారు. నా లెక్కలో అది కూడా అనవసరమే, తుడిచి సరిచూసిన డిస్క్‌ని వెనక్కి బిగించి ఇవ్వడంలో ప్రమాదమేమీ లేదు. మంచి స్థితిలో ఉన్న అయిదింటిని అలాగే బిగించాం, కొంత రేటు తిరిగొచ్చింది. ఐడీఈవి, ముక్కలైనవి, జెరాక్స్ డిస్క్ ఇనుప సామాన్ల కొట్టుకి పోకుండా రిజిస్టర్డ్ ఈ-వేస్ట్ రీసైక్లర్‌కి పంపేందుకు మిగతా తుక్కుతో కలిపి మూట కట్టాం.

కొత్త సిస్టమ్‌లకి మొదటి రోజే బిట్‌లాకర్ ఆన్ చేశాను, డిస్క్ మీది డేటా అంతా కీ లేకుండా చదవలేని కోడ్‌గా మార్చి రాసే (ఎన్‌క్రిప్ట్ చేసే) విండోస్ సదుపాయం అది. రికవరీ కీలు ప్రింట్ తీసి బీరువాలో పెట్టారు, సిస్టమ్‌లోనే సేవ్ చేయబోతుంటే ఆపాల్సి వచ్చింది. మొదటి నుంచీ ఎన్‌క్రిప్ట్ అయిన డిస్క్ రేపు మధ్యలో చచ్చిపోయినా, కీ లేనివాడికి అందులో దొరికేది ఏమీ ఉండదు. డ్రిల్లింగ్ మిషన్ దాకా వెళ్లే పని తప్పుతుంది. పక్కన పెట్టిన కాంట్రాక్టర్ డిస్క్ కవర్‌లో సీలు వేసి అదే బీరువాలో ఉంది. కవర్ మీద అప్పీలు నంబరు, డిస్క్ సీరియల్ నంబరు రాశాం. రిజిస్టర్‌లో ఆ ఒక్క వరసకి తేదీ గడి ఖాళీగా ఉంది, ఆర్డర్ వచ్చి గడువు తీరాక నింపాలి.